వేసవి సెలవులు – మన పిల్లల ఆటపాటలు

(కుంభారిలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చదువు గురించి, మార్కుల గురించి, అడ్మిషన్ల గురించి చక్కగా చెప్పారు. నేను షోలాపూర్‌లో ముప్పై ఏళ్లు ఆటల మాస్తరుగా పని చేసిన వాణ్ణి. కాబట్టి ఆటల గురించే మాట్లాడతాను. "ఆటల గురించి ఉపన్యాసం ఎందుకు మాస్తర్, పిల్లలు చెప్పకపోయినా ఆడతారు గదా" అని మీరు అనవచ్చు. మగపిల్లలు ఆడతారు, నిజమే. ఆడపిల్లల సంగతి ఏమిటి? సెలవులు వస్తే మన ఇళ్లలో ఆడపిల్ల ఏం చేస్తుందో ఇక్కడ కూర్చున్న ప్రతి తల్లికీ తెలుసు.

ఇది బీడీ కార్మికుల, మగ్గం కార్మికుల ఊరు. 2006 లో కామ్రేడ్ గోదూతాయి పరుళేకర్ పేరిట బీడీలు చుట్టే పదివేల మంది మహిళలకు ఇక్కడ సొంత ఇళ్లు వచ్చాయి. ఆనాటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు వచ్చి తాళపుచెవులు ఇచ్చారు. తరువాత ఇదే కుంభారిలో రే నగర్ లేచింది. ముప్పై వేల ఇళ్ల పథకం అది. అందులో మొదటి పదిహేను వేల ఇళ్లను 2024 జనవరి 19 న ప్రధాని నరేంద్ర మోదీ గారు అప్పగించారు. పేటలో ఇరుకు గదుల్లో, చాళ్లలో బతికిన మనవాళ్లకు ఇల్లు దొరికింది, ఇంటి ముందు జాగా దొరికింది. జాగా ఉన్నా ఆడపిల్ల మాత్రం వాకిట్లో తల్లి పక్కన కూర్చుని బీడీ మూతులు మడుస్తూనే ఉంది.

తల్లులను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. నేనూ ఆ ఇంటి బిడ్డనే. మా అమ్మ ఒళ్లో చేట పెట్టుకుని, తూనికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి రోజుకు వెయ్యి బీడీలు చేసేది. మా నాన్న పవర్లూమ్ కార్ఖానాలో పన్నెండు గంటల పాళీ. అక్క మడిచిపెడితేనే అమ్మ లెక్క పూర్తయ్యేది. అందుచేత "పిల్లను ఆటకు పంపండి" అని చెప్పడం తేలిక, ఆ లెక్క ఎట్లా పూరించాలో చెప్పడం కష్టం అని నాకు తెలుసు. అయినా ఒక మాట గుర్తు చేస్తాను. 1986 నాటి బాల కార్మిక నిషేధ చట్టం పిల్లలు చేయకూడని పనుల పట్టికలో బీడీ తయారీని కూడా చేర్చింది. ఊరికే చేర్చలేదు. ఆ తంబాకు ధూళి, ఆ వంగిన వీపు పెద్దవాళ్లకే మంచిది కాదు. ఎదిగే పిల్లకు ఎట్లా మంచిదవుతుంది?

మే మొదటి వారం నుంచి జూన్ నడుమ దాకా సెలవులు నలభై రోజుల పైచిలుకు ఉంటాయి. అయిదేళ్ల నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున ఒక గంటసేపు ఒళ్లు వంచే ఆట, పని, నడక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నేను రెండు గంటలు అడుగుతాను. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. మిగిలిన ఇరవై రెండు గంటలు మీవే.

ఎందుకు పొద్దున, సాయంత్రం అంటున్నానో చెబుతాను. షోలాపూర్ ఎండ మీకు కొత్త కాదు. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మనకు మామూలే. మన ఒంటికి చెమటే చల్లదనం. చెమట ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. నీళ్లు తక్కువైతే చెమట తగ్గుతుంది, వేడి లోపలే నిలుస్తుంది. అందుకని ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపల ఒక ఆట, సాయంత్రం అయిదున్నర తరువాత ఒక ఆట. పదకొండు నుంచి నాలుగు దాకా నీడ పట్టునే ఉండాలి. ఆటకు ముందు ఒక గ్లాసు నీళ్లు, నడుమ కొన్ని, తరువాత కొన్ని. చల్ల, జొన్న అంబలి, నిమ్మకాయ నీళ్లు, మామిడికాయ పన్హం చాలు. రంగు నీళ్ల సీసాలు కొనిపెట్టే పని లేదు.

పిల్లకు తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, పిక్కలు పట్టినా ఆట ఆపి నీడకు తీసుకురండి. బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి విసరండి. స్పృహలో ఉంటే కొద్దికొద్దిగా నీళ్లు, లేదా లీటరు మంచినీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు కలిపి తాగించండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. అప్పుడు నోట్లో నీళ్లు పోయవద్దు. తడిగుడ్డలు వేస్తూనే 108 కి ఫోన్ చేయండి. అశ్విని వైద్య కళాశాల ఆసుపత్రి మన కుంభారిలోనే ఉంది, అక్కడికి తీసుకుపోవడానికి ఆలస్యం చేయవద్దు.

ఇక ఏం ఆడాలి? క్రికెట్ ఒక్కటే ఆట కాదు పిల్లలూ. మీ తాతలు, అమ్మమ్మలు కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు జిల్లాల నుంచి మగ్గం పనికి ఇక్కడికి వచ్చినప్పుడు మూటలో చీర, ధోవతితో పాటు ఆటలు కూడా తెచ్చారు. ఇక్కడి మరాఠీ పిల్లలకు అవే ఆటలు వేరే పేర్లతో ఉన్నాయి. మన చిర్రగోనె వాళ్ల విటీదాండూ. మన ఏడుపెంకులాట వాళ్ల లగోరీ. మా గల్లీలో మేము సగం తెలుగు, సగం మరాఠీలో పోట్లాడుకుంటూ ఆడేవాళ్లం. ఔటా కాదా అన్న తగవుకు భాష అడ్డం రాలేదు. ఈ సెలవుల్లో మీకు ఒక పని. ఇంట్లో అమ్మమ్మను, నానమ్మను అడిగి అయిదు ఆటలు రాసుకోండి. పేరు, నియమాలు, ఎంతమంది కావాలి అని రాయండి. తెలుగు లిపి వచ్చినవాళ్లు తెలుగులో రాయండి, రానివాళ్లు ఆ నెపంతో నేర్చుకోండి. మధ్యాహ్నం ఎండలో ఇంట్లో కూర్చుని చేసే పని అది. అష్టాచెమ్మా, వామనగుంటలు, గచ్చకాయలు కూడా ఆ వేళకే.

ఆడపిల్లల కోసం నేను ప్రత్యేకంగా చెప్పే ఆట ఖోఖో. రెండు కర్ర స్తంభాలు, సున్నంతో గీతలు ఉంటే చాలు. బ్యాటు వద్దు, బంతి వద్దు, బూట్లు కూడా తప్పనిసరి కాదు. ఎనిమిది మంది వరుసగా కూర్చుంటారు, తొమ్మిదో మనిషి తరుముతుంది. ఒక్కతే బాగా ఉరికితే గెలవదు, సరైన క్షణంలో వెనకవైపు తట్టి "ఖో" అనాలి. 1914 లో పుణెలోని డెక్కన్ జింఖానా ఈ ఆటకు నియమాలు ఏర్పరచింది. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్పు జరిగితే మహిళల్లోనూ, పురుషుల్లోనూ భారత జట్లే గెలిచాయి. మహిళల జట్టు నాయకురాలు ప్రియాంకా ఇంగళే, పురుషుల జట్టు నాయకుడు ప్రతీక్ వాయ్‌కర్, ఇద్దరూ మన మహారాష్ట్ర వాళ్లే. మట్టి నేల మీద ఆడే ఆట అక్కడిదాకా పోయింది.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు చెప్పను. తల్లి బీడీ కార్మికురాలు, తండ్రి లేడు. ఖోఖోలో మెరుపు. ఒక ఏడాది మే నెలలో నగరంలో పదిహేను రోజుల శిక్షణ శిబిరం పెట్టారు. తల్లి నా ముందు చేట పెట్టుకుని కూర్చుని, "మాస్తర్, ఈ పిల్ల పోతే నాకు రోజుకు రెండు వందల బీడీలు తక్కువ పడతాయి. ఆ పైసలు ఎవరిస్తారు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పింది పక్కింటి వదిన. "పదిహేను రోజులు నేను మడిచిస్త. మా పిల్ల పెండ్లికి నువ్వు మడిచియ్యి" అన్నది. ఎదురింటి ఇద్దరు కూడా కలిశారు. పిల్ల శిబిరానికి పోయింది.

ఆ అమ్మాయి పెద్ద క్రీడాకారిణి కాలేదు. జిల్లా పోటీల దాకా ఆడింది, అంతే. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో నర్సు. మొన్న కలిసినప్పుడు చెప్పింది, "మాస్తర్, నేను ఒంటరిగా బస్సెక్కింది ఆ శిబిరానికే. అప్పటిదాకా షోలాపూర్ ఎంత పెద్దదో నాకు తెల్వదు" అని. నాకు ఏ కప్పు గెలిచినంత సంతోషం అయింది.

ఆ వదిన చేసిన పనినే మనం ఒక పద్ధతిగా చేయవచ్చు. గల్లీకి ఆరుగురు తల్లులు కలవండి. రోజుకు ఒకరు సాయంత్రం మైదానం దగ్గర కూర్చోండి. వారంలో మీ వంతు ఒక్కసారే వస్తుంది. మిగిలిన అయిదు రోజులు మీ పిల్ల ఎవరో ఒక పిన్ని కంటి ముందే ఉంటుంది. "ఆడపిల్లను ఒంటరిగా ఎట్లా పంపుతాం" అనే భయం తీరుతుంది. మీ వంతు వచ్చిన రోజు ఊరికే కూర్చోకండి, మైదానం చుట్టూ నాలుగు చుట్లు నడవండి. పొద్దంతా వంగి కూర్చున్న నడుముకు అదే మందు.

ఇంకొక మాట, మన నగరాన్ని మన పిల్లలకు చూపించండి. కుంభారిలో పుట్టిన పిల్లలు షోలాపూర్‌ను అక్కలకోట రోడ్డు మీది బస్సు కిటికీలోంచే చూస్తున్నారు. వారానికి ఒక పొద్దున చాలు. ఎస్టీ బస్సుల్లో 2023 మార్చి నుంచి ఆడవాళ్లకు సగం టికెట్టు ఇస్తున్నారు. ఒక వారం భుయికోట, పక్కనే సిద్ధేశ్వర చెరువు చూడండి. ఇంకొక వారం నలుగురు హుతాత్ముల విగ్రహాల దగ్గరికి పొండి. 1930 మే నెలలో, ఇటువంటి ఎండల్లోనే, షోలాపూర్ జనం తెల్లదొరల పాలనను కొద్ది రోజులు పక్కన పెట్టారు. తరువాత సైనిక శాసనం వచ్చింది. మల్లప్ప ధన్‌శెట్టి, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డా, కుర్బాన్ హుస్సేన్, ఈ నలుగురిని 1931 జనవరి 12 న ఎరవాడ జైలులో ఉరితీశారు. మరొక వారం భయ్యా చౌక్ దగ్గర డాక్టర్ కోట్నీస్ స్మారకం చూడండి. 1910 లో మన ఊళ్లో పుట్టి, 1938 లో చైనా వెళ్లి, యుద్ధంలో గాయపడినవాళ్లకు వైద్యం చేస్తూ 1942 లో, 32 ఏళ్లకే కన్నుమూసిన మనిషి ఆయన. డాక్టరు కావాలనుకునే పిల్లలు అక్కడ తప్పక నిలబడి చదవాలి. కేగావ్ వైపు విజ్ఞాన కేంద్రం ఉంది. వెళ్లేముందు వేళలు కనుక్కోండి. ఇవేవీ కుదరకపోతే మీ కాలనీకి పేరు పెట్టిన గోదూతాయి ఎవరో తెలుసుకోండి. 1945 లో ఠాణే జిల్లాలో వెట్టిచాకిరీకి ఎదురు నిలిచిన వార్లీ ఆదివాసులకు తోడు నిలబడిన మహిళ ఆమె. రోజూ చిరునామాలో రాసే పేరు వెనక ఎవరున్నారో తెలియకపోతే ఎట్లా?

మగపిల్లలకు ఒక్క హెచ్చరిక. ఎండలు ముదిరితే మీ కన్ను బావుల మీద, ఖదాన్ల మీద, హిప్పర్గా చెరువు మీద పడుతుంది. ఈత మంచిదే, నేర్చుకోండి. కాని ఈత వచ్చిన పెద్దమనిషి ఒడ్డున లేకుండా నీళ్లలో దిగకండి. స్నేహితుడు మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకవద్దు. తాడో, ఓణీయో, కర్రో అందించండి, గట్టిగా కేకలు వేయండి. ఒకణ్ణి కాపాడబోయి ఇద్దరు పోయిన ఇళ్లకు నేను పరామర్శకు వెళ్లాను. ఆ తల్లి ముఖం చూస్తే ఇంకే మాటా రాదు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మనవి. జూన్‌లో బడి తెరిచాక కాగితాల కోసం పరుగులు పెట్టకుండా, ఈ సెలవుల్లోనే బీడీ కార్మిక గుర్తింపు కార్డు, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా సిద్ధం చేసుకోండి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే విద్యా సహాయానికి ఇవి కావాలి. మన ట్రస్టు దరఖాస్తుకూ ఇవే అక్కరకు వస్తాయి. ఆ పని కూడా పిల్లలనే వెంట తీసుకుపోయి చేయించండి. ఆఫీసులో ఎట్లా మాట్లాడాలో వాళ్లకే తెలుస్తుంది.

ట్రస్టు పెద్దలు ఈ రోజు ఇచ్చిన చెక్కు పుస్తకాలకు, ఫీజుకు సరిపోతుంది. ఆ పుస్తకాలు మోసే భుజానికి బలం మైదానంలో వస్తుంది. వచ్చే సోమవారం పొద్దున ఆరు గంటలకు నేను సున్నం డబ్బా, రెండు స్తంభాలు తీసుకుని మైదానానికి వస్తాను. ఖోఖోకు తొమ్మిది మంది ఆడపిల్లలు కావాలి. ఎవరు వస్తారో ఇప్పుడే చేతులెత్తండి.