మానవశాస్త్రము వలని ప్రయోజనము



“వ్యాకరణము చదివినచో మాటలోని దోషము తెలియును. వైద్యము చదివినచో రోగము కుదుర్చవచ్చును. మానవశాస్త్రము చదివినచో ఏమి వచ్చును? ఒకరి పెండ్లితంతును, వేరొకరి దేవరకొలుపును వ్రాసికొనుటవలన ఎవరి కడుపు నిండును?” అని మా యూరి రచ్చబండకడ ఒక పెద్దమనిషి నన్నడిగెను. ప్రశ్న సమంజసమైనదే. ఒక బీడుభూమి కథతో దానికి సమాధానము చెప్పదలచితిని.

ఆదిలాబాదు ప్రాంతమున గోండులు కలరు. అచ్చటి మెట్టలపై నేల పలుచనిది. అట్టి నేలను కొన్నియేండ్లు దున్ని, సారము తగ్గగానే బీడు విడిచి, మరల కొంతకాలమునకు దున్నుట వారి పూర్వులనాటి సేద్యము. నేలకు విశ్రాంతి యిచ్చుట యెట్టిదో సేద్యగాండ్రయిన మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే నిజాము ప్రభుత్వపు అటవీశాఖవారు అడవికి హద్దులు వేయుచు వచ్చి, ఆ బీళ్లు ఎవ్వరివియు గావని తలచి రక్షితారణ్యములో కలిపివేసిరి. తాత దున్నిన చేనిలో మనుమడు నాగలి పెట్టుట నేరమయ్యెను. కాగితము తెలిసిన వలసరైతులును, షాహుకార్లును తక్కిన మంచి నేలలను చేజిక్కించుకొనిరి.

ఈ బాధ ముదిరి 1940లో కుమురం భీము నాయకత్వమున గోండులు తిరుగబడిరి. జోడేఘాటుకడ పోలీసుల కాల్పులలో భీమును, అతని అనుచరులు కొందరును ప్రాణములు విడిచిరి. అణచిన తరువాత గాని అది యేల పుట్టినదో విచారింపవలెనని ప్రభుత్వమునకు తోచలేదు. ఆ పనికి హైమెండార్ఫు అను మానవశాస్త్రజ్ఞుని నియోగించిరి. ఆయన వియన్నా నగరమువాడు. 1939లో యుద్ధము మొదలుకాగా, శత్రుదేశీయుడని హైదరాబాదు రాజ్యము విడిచిపోకుండ కట్టడి చేయబడినవాడు.

ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తుతో గూడ మార్లవాయి గ్రామమున ఇల్లు వేసికొని కాపురముండి, గోండి మాటలాడ నేర్చెను. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతులమని గోండులు చెప్పుకొందురు. ఒక్కొక్క సంతతి ఒక సగ. ఒకే సగవారు తమలో తాము వియ్యమందరు. ప్రధానులనువారు కింగ్రి వాయించుచు వారి దేవతల కథలు పాడుదురు. ఇవన్నియు ఆయన వ్రాసికొనెను. వినువారికిది వట్టి వేడుకగా తోచవచ్చును. కాని ఏ వంశము ఏ చోట ఏ దేవతను కొలుచుచున్నదో తెలిసినప్పుడు, ఆ నేలతో వారికి గల సంబంధమెంత పాతదో గూడ తెలియును గదా! ఆ బీడు దిక్కులేనిది గాదనియు, దున్నువాడు మరల రానున్న చేననియు అధికారులకు తెలిసినది.

ఈ శాస్త్రమునకు వేరొక ముఖముకూడ కలదు. మదరాసు మ్యూజియం అధికారి థర్‌స్టను కొలముట్టు పట్టుకొని మన కులములవారి ముక్కులు కొలిచెను. ముక్కు కొలిచినంతనే మనిషి తెలియునా!

హైమెండార్ఫు విన్నదానివలన గోండులు పలువురకు పట్టాలు వచ్చినవి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసినది, గోండి వాచకములు పుట్టినవి. 1946లో గిరిజనప్రాంతముల చట్టమేర్పడెను. మెస్రం వంశీయులు కేస్లాపూరులో జరుపు నాగోబా జాతరలో అధికారులు కూర్చుండి మొరలు విను దర్బారు నాటినుండి వచ్చినదే. అయినను కష్టము తీరిపోలేదు. వచ్చిన భూములు మరల పరులపాలగుచున్నవని ఆయనయే 1982లో అచ్చయిన గ్రంథమున వ్రాసెను.

తప్పంతయు అటవీశాఖవారిదే యని నేను తప్పించుకొనుట న్యాయము గాదు. ఉద్యోగారంభమున గోండుపిల్లలు చదువు ఒక బడిలో నేను పనిచేసితిని. ఒకనాడు చెంబులోని నీరు చూపి, దీనినేమందురని ఒక బాలునడిగితిని. “ఏర్” అనెను. ఏరు వేరు, నీరు వేరు, ఇంతమాత్రము తెలియదా యని కసరి, మందమతియని నిశ్చయించితిని. నిఘంటువు చదివినవాడను గదా! గోండులు నీళ్లనే ఏర్ అందురని రెండేండ్లకు సంతలో ఒక ముసలమ్మ చెప్పగా తెలిసినది. మన ఏటికిని, వారి ఏర్‌కును చుట్టరికము వినగానే తోచినది. మరునాడే వానికై విచారించితిని. వాడప్పటికే బడి మాని, పశువులవెంట పోవుచుండెను.