మాట ఎక్కడ తెగుతోంది?

(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సొసైటీలో కంప్యూటర్ పనులు చూసే స్వచ్ఛంద సేవకులం మేము. ఇంటి నుంచి ఉద్యోగం చేస్తున్నవారు తరచుగా మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంటర్నెట్ కాల్‌లో మాట ముక్కలు ముక్కలుగా వెళ్తోంది, ఏం చేయాలి?" అందరికీ పనికొస్తుందని ఈ రోజు దాని గురించే నాలుగు మాటలు చెబుతాం.

ఒమన్‌లో ఎన్నో ఏళ్లు ఇంటర్నెట్ కాల్స్‌పై నియంత్రణ ఉండేది. వాట్సాప్‌లో సందేశం వెళ్లేది, మాట మాత్రం కలిసేది కాదు. 2020లో కరోనా వచ్చి ఆఫీసూ బడీ ఇంట్లోకి చేరినప్పుడు, పనికీ చదువుకీ జూమ్, గూగుల్ మీట్ వంటి కొన్ని యాప్‌లు వాడుకునే వీలు దొరికింది. కాల్ కలవడం మొదలయ్యాక రెండో ఇబ్బంది బయటపడింది. కలిసిన కాల్‌లో మాట కుదురుగా చేరడం లేదు.

ఇది చిన్న చికాకని కొట్టిపారేయకండి. మాట తెగితే అవతలివారు లైన్‌ను తప్పుపట్టరు, మనిషిని తప్పుపడతారు. "ఈయన సరిగా చెప్పలేకపోతున్నాడు", "ఆవిడకు విషయం తెలియదేమో" అనుకుంటారు. మన నివాసం ఉద్యోగంతో ముడిపడిన దేశమిది. ఇంటర్వ్యూలోనో, ఏడాది చివరి సమీక్షలోనో మన మాట పూర్తిగా వినపడటం ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయం.

ఇబ్బంది రాగానే చాలామంది ఇంకా పెద్ద ప్యాకేజీ తీసుకుంటారు. లెక్క చూడండి. ఒక మామూలు ఇంటర్నెట్ ఫోన్ కాల్‌కు ఒక్కో దిక్కున సెకనుకు సుమారు 100 కిలోబిట్లు చాలు. 100 మెగాబిట్ల కనెక్షన్‌లో అది వెయ్యో వంతు. అంటే నెలనెలా అదనంగా కట్టే రియాళ్లు చాలాసార్లు వృథానే.

మరి దూరం వల్లనా? మస్కట్ నుంచి హైదరాబాద్‌కు ఆకాశమార్గంలో సుమారు 2,200 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కేబుల్ దారి కొంత చుట్టు తిరిగినా, ప్రయాణానికి పట్టేది కొన్ని పదుల మిల్లీసెకన్లే. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సమాఖ్య ప్రమాణం చెబుతోంది. కాబట్టి మాట తెగేది ఎక్కువగా సముద్రంలో కాదు, మన ఇంట్లోని ఆఖరి పది మీటర్లలో.

కాల్‌లో మాట సాధారణంగా సెకనుకు 50 చిన్న పొట్లాలుగా వెళ్తుంది. సినిమా అయితే ముందే కొంత దించుకుని ఆగకుండా చూపిస్తుంది. మాటకు ఆ సౌకర్యం లేదు. ఆలస్యంగా వచ్చిన పొట్లం రాని పొట్లంతో సమానం.

అందుకే మొదట గోడల సంగతి చూడాలి. రువి, అల్ ఖువైర్, ఘుబ్రా ఫ్లాట్లలో రౌటర్ హాల్లో ఉంటుంది, పని లోపలి గదిలో జరుగుతుంది, మధ్యలో సిమెంటు గోడలు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే, 1, 6, 11. వాటినే చుట్టుపక్కల ఇళ్లన్నీ పంచుకోవాలి. మైక్రోవేవ్, బ్లూటూత్ కూడా అక్కడే. రౌటర్ ఉన్న గదిలోనే పనిచేస్తే 5 గిగాహెర్ట్జ్ మేలు, కానీ గోడలు దాటితే అది త్వరగా బలహీనపడుతుంది. అన్నిటికంటే మంచి మందు ఒక కేబుల్. గోడ అంచున రౌటర్ నుంచి ల్యాప్‌టాప్ దాకా లాగండి. 5జీ రౌటర్ ఉన్నవారు దాన్ని కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట పెట్టండి.

రెండోది వరుస. పండుగనాడు దర్శనం క్యూలో బస్తాలు మోసేవారి వెనక, ఒక్క పువ్వు పట్టుకున్న పాప నిలబడితే ఎలా ఉంటుంది? ఇంట్లో ఎవరి ఫోనో ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే మన మాట పరిస్థితి అదే. హైదరాబాద్‌లో పది గంటల మీటింగ్ మనకు ఎనిమిదిన్నరకే, ఇల్లంతా హడావిడిగా ఉండే వేళ. ఫొటో బ్యాకప్‌లను రాత్రికి మార్చుకోండి. రౌటర్‌లో క్యూఓఎస్ సౌకర్యం ఉంటే, అప్‌లోడ్ హద్దును కొలిచిన వేగంలో 85-90 శాతానికి పెట్టి, కాల్స్‌కు ముందు వరుస ఇవ్వండి.

మూడోది ఏసీ. దాని హోరును తొలగించే ప్రయత్నంలో యాప్ ఒక్కోసారి మన మాటల చివరి అక్షరాలను కూడా మింగేస్తుంది. నోటికి దగ్గరగా మైకు ఉండే వైరు హెడ్‌సెట్ చాలావరకు దీన్ని సరిచేస్తుంది.

లోపం ఎక్కడుందో మీరే తేల్చుకోవచ్చు. కాల్ నడుస్తుండగా ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ చిరునామాకు ఒక నిమిషం పింగ్ చేయండి. అంకెలు ఉన్నట్టుండి వందల్లోకి ఎగిరితే తప్పు వైఫైది. అక్కడ నిలకడగా ఉండి, బయటి సైటుకు పింగ్ చేసినప్పుడు మాత్రమే ఎగిరితే ముందు ఇంట్లో అప్‌లోడ్‌లు ఆపి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఆ అంకెలతోనే కంపెనీకి ఫిర్యాదు చేయండి. "నెట్ బాగోలేదు" అనే మాటకంటే అంకెలకు బలమెక్కువ.

ఒక జాగ్రత్త. మీ సంస్థ ఇచ్చిన, ఇక్కడ అనుమతి ఉన్న సేవలనే వాడండి. ఊరూ పేరూ లేని వీపీఎన్‌లతో చట్టపరమైన చిక్కు ఉంది. పైగా మాట మరో దేశం చుట్టి రావడంతో ఆలస్యం కూడా పెరుగుతుంది.

చివరగా, మనలో వ్యాపారాలు నడిపే పెద్దలకు ఒక మనవి. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగికి ఒక కేబుల్, ఒక మంచి హెడ్‌సెట్ మీరే ఇప్పించండి. పని సంస్థదైనప్పుడు ఆ మాట చేరవేసే ఖర్చు ఉద్యోగి ఒక్కరిమీదే పడకూడదు. ఇంట్లోవారికి కూడా ఒక మాట. తలుపు వెనక కాల్‌లో ఉన్నది కోడలైనా కొడుకైనా, ఆ అరగంట వారిది ఆఫీసే అనుకోండి.

సాయం కావాల్సినవారు ఈ సమావేశం తర్వాత మమ్మల్ని కలవండి. మీ ఇంటి నమూనా కాగితం మీద గీసి తెస్తే రౌటర్ ఎక్కడ పెట్టాలో కూర్చుని చూద్దాం.