విద్యార్థుల వ్యాసములు – సంఘముయొక్క బాధ్యత
(వాకాడు వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



ఈ సంవత్సరము విద్యార్థులు వ్రాసి పంపిన వ్యాసములను చదివి, బహుమానములకు తగినవానిని నిర్ణయించి, వానినిగూర్చి ఈ మహాసభలో నాలుగుమాటలు మనవి చేయవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. విద్యావిషయమున పెద్దల మాట తోసివేయుట యుక్తము కాదని యొప్పుకొంటిమి. చదివినవానిలో మాకు తోచిన గుణదోషములను, వానివలన సంఘమునకు గలిగిన యొక చిక్కును దాపఱికము లేక విన్నవించెదము.

వచ్చిన వ్యాసములు బహువిధములు. గ్రంథాలయముల యుపయోగము, వర్షాకాలము, స్వర్ణముఖి వరదలు, రొయ్యల సాగు, దుగరాజపట్నపు పూర్వచరిత్ర, శ్రీహరికోట, మద్యపానము, కట్నము మున్నగునవి విషయములు. పల్లెలనుండి యిన్ని విషయములపై కలము పట్టువారు బయలుదేఱుట సంతోషింపదగినది.

వ్యాసరచన మన భాషకు మిక్కిలి ప్రాచీనమైన విద్య కాదు. లోకవ్యవహారమును వచనమున చర్చించు పద్ధతి మనలో పందొమ్మిదవ శతాబ్దియందు పాదుకొన్నది. సామినేని ముద్దునరసింహమునాయనిగారు విద్య, వైద్యము, వివాహము మొదలగువానిపై ప్రమేయములను పేర వ్రాసిన రచనలు వారి మరణానంతరము 1862లో 'హితసూచని'గా అచ్చుపడినవి. 1874లో కందుకూరి వీరేశలింగముగారు 'వివేకవర్ధని'ని నెలకొల్పిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున జరిగిన వితంతువివాహమునకు వారి వ్యాసములును ఉపన్యాసములును ముందుగా త్రోవ చేసినవి. ఆ కష్టకాలమున వారికి చేదోడుగా నిలిచినవారిలో విద్యార్థులు పెక్కురు. కావున వ్యాసము పరీక్షలో మార్కులకొఱకు మాత్రమే పుట్టినది కాదు. సంఘమును ప్రశ్నించుటకు పుట్టినది.

ఇక దోషములు. మొదటిది, కంఠపాఠము. ఒంగోలు ప్రాంతమున 1784లో జన్మించిన వెన్నెలకంటి సుబ్బారావుగారు 1820లో మదరాసు పాఠ్యపుస్తక సంఘమునకు సమర్పించిన నివేదికలో, బాలురు అర్థ మెఱుగకయే పాఠములు వల్లించుచున్నారని విమర్శించిరి. రెండువందల యేండ్లు గడచినను ఆ వ్యాధి పోలేదు. 'వర్షాకాలము'ను గూర్చిన వ్యాసములలో పెక్కింట జూన్ నెలలో తొలకరి కురియును, కాపులు అరకలు కట్టుదురు, ఆషాఢమున చెఱువులు నిండును అని యున్నది. ఇది యే గైడుపుస్తకమునుండియో దిగిన వర్షము గాని మన తీరమున కురిసిన వర్షము కాదు. నెల్లూరిసీమకు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వచ్చు ఈశాన్య ఋతుపవనములే ప్రధానము. కార్తికమాసపు వాయుగుండమునకై యెదురుచూచు రైతు కడుపున పుట్టిన బిడ్డ ఆషాఢమేఘమును వర్ణించెనన్న, ఆ బిడ్డ తన కన్నులను నమ్మలేదన్నమాట.

ఈ దోషమునకు ఇప్పుడు క్రొత్త సహాయము దొరకినది. విషయమును చెప్పిన నిమిషములో వ్యాసమును వ్రాసియిచ్చు యంత్రములు ప్రతివాని చేతిఫోనులోనికి వచ్చినవి. అట్టివని మాకు తోచిన వ్యాసములు కొన్ని వచ్చినవి. భాష నున్నగా నున్నది, తప్పు లేదు, వాకాడును లేదు. యంత్రమును నిషేధించుట మనవలన కాదు, అవసరమును కాదు. యంత్రము చేయలేని పనిని విద్యార్థికి చెప్పుటయే యుపాయము. 2015 నవంబరు వానలలో మీ వీధిలో నీరు ఎంతవఱకు వచ్చినది, ఎన్ని దినములు నిలిచినది, ఎవరి వరిమడి యిసుకమేట వేసినది అని అవ్వను తాతను అడిగి వ్రాయుమన్నచో, విద్యార్థి వాకిలి దాటి పోవక తప్పదు. స్వర్ణముఖిపై వచ్చిన యొక వ్యాసము ఇట్లే యున్నది. చంద్రగిరివైపు కొండలలో పుట్టి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా మన యూరి చెంతకు వచ్చి సముద్రమున కలియు ఈ యేఱు ఏడాదిలో అధికభాగము ఇసుకదిబ్బయై యుండి, వాయుగుండము పట్టినప్పుడు గట్లు తెంచుటకు కారణమేమని ఆ విద్యార్థి ముసలివారిని విచారించి వ్రాసెను. వాక్యములు కొన్ని తడబడినను దానికే మేము మొదటి బహుమాన మిచ్చితిమి.

రెండవది భాషావిషయము. వాడుకభాషలో వ్రాసినవారికి మార్కులు తగ్గింపవలదా యని మమ్ము కొందఱు అడిగిరి. ఈ తగవు పాతది. అదియు విద్యార్థుల వ్యాసములవద్దనే పెరిగినది. 1910 ప్రాంతమున మదరాసు రాజధానిలో స్కూలు ఫైనలు విద్యార్థి తన వ్యాసమును ఆధునికభాషలో వ్రాయవచ్చునా యని గొప్ప వివాదము నడచెను. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావుగార్లు వాడుకభాషను కోరిరి. జయంతి రామయ్యపంతులుగారును, 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తును ఎదిర్చిరి. ప్రతాపరుద్రీయ నాటకమున పాత్రోచితభాషను వాడిన వేదము వేంకటరాయశాస్త్రిగారు సైతము గ్రాంథికపక్షముననే నిలిచిరి. 1914లో గురజాడవారు తమ యసమ్మతిపత్రమును సమర్పించిరి. ఆనాడు పరీక్షలలో గ్రాంథికమే గెలిచినది. కాని కాలక్రమమున పత్రికలును పాఠశాలలును వాడుకభాషనే చేపట్టినవి. మేమిట్లు పాతరీతిని మాటలాడుట మా యభ్యాసము. దానిని పిల్లల నెత్తిన మోపుట న్యాయము కాదు. తెలిసిన విషయమును తెలిసిన మాటలలో వ్రాసినవానికి ఒక మార్కును తగ్గింపలేదు.

మన చుట్టును వ్యాసములకు కొఱత లేదు. దుగరాజపట్నమున ఆంగ్లేయులు 1626 ప్రాంతమున ఆర్మగాన్ అను పేర వర్తకస్థానము నెలకొల్పిరి. అచ్చటి యధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణమున క్రొత్తచోటు సంపాదింపగా మదరాసు పుట్టెను. దక్షిణపు దీవియైన శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9న తొలి రాకెట్టు ఎగసెను. 2023 జులై 14న చంద్రయాన్-3 అచ్చటినుండియే పయనమయ్యెను. దగ్గఱి విద్యానగరమున 1979లో ఇంజనీరింగు కళాశాల వెలసెను. ఇన్నింటి నడుమ నుండి 'నా కిష్టమైన ప్రదేశము' అను వ్యాసమున తాజమహలును వర్ణించుట యేల?

రొయ్యల సాగుపై రెండు వ్యాసములు వచ్చినవి. ఒకటి లాభములనే, మఱియొకటి నష్టములనే చెప్పినది. 1990 తరువాత మన తీరమున వరిపొలములు గుంటలైనవి, ధనము వచ్చినది, 1994 ప్రాంతమున తెగులు తగిలి అప్పులును వచ్చినవి, త్రాగునీరు ఉప్పనైనదని పల్లెలు మొఱపెట్టినవి. 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టు తీరనియంత్రణ మండలములో ఇట్టి గుంటలు కూడదని తీర్పు చెప్పినది. 2005లో పార్లమెంటు వేఱొక చట్టముతో సాగును క్రమబద్ధము చేసినది. గుంట గలవాని బిడ్డయు, బోరు ఉప్పనైనవాని బిడ్డయు ఒకే తరగతిలో కూర్చుండిన యూరిలో, ఇరుపక్షములను విని వ్రాయుటయే చదువు. కనుక వారిద్దఱిని కలిసి ఒకే వ్యాసముగా మఱల వ్రాయుడని సలహా చెప్పితిమి.

ఇప్పుడు చిక్కునకు వచ్చెదము. కట్నముపై ఒక విద్యార్థిని వ్రాసిన వ్యాసమును ఈ సంచికలో ప్రకటింపవలదని కొందఱు పెద్దలు మాతో చెప్పిరి. ఆమె ఎవరిని పేరుపెట్టి దూషింపలేదు. మన సంఘమువారి పెండ్లిండ్లలో కట్నమునకై యమ్ముడుపోయిన పొలములను, మానిపింపబడిన చెల్లెండ్ర చదువులను తా నెఱిగినంతవఱకు చెప్పినది. పిమ్మట ఒక్క ప్రశ్న వేసినది: సంఘ మిచ్చిన విద్యార్థివేతనముతో చదివిన పెండ్లికుమారునకు ఆ చదువునుబట్టియే వెల పెరుగుచుండగా, ఆ వేతనము ఎవరికి మేలు చేసినట్లు?

పెద్దలు చెప్పిన యభ్యంతరములు మూడు. ఇతరులయెదుట మన పరువు పోవునని మొదటిది. 1961నుండియు ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమని చట్టము చెప్పుచున్న కార్యమును బాజాలతో చేయునప్పుడు పోని పరువు, ఒక బాలిక వ్రాయగానే పోవునా? ఆ బాలికకు సంబంధము కుదురదని రెండవది. ఇందు నిజము కొంత కలదు. అందులకు ఆమెయు తల్లిదండ్రులును కోరినచో పేరు లేకుండ ప్రకటింతము. పిల్లలు పెద్దలకు బుద్ధి చెప్పరాదని మూడవది. మన నెల్లూరిసీమలోనే దీనికి సమాధానము కలదు. అక్షరాస్యతోద్యమ కాలమున దూబగుంట స్త్రీలు, భర్త సారాయికి బలియైన యిల్లాలి కథను వాచకమున చదివి, అది తమ కథయే యని తెలిసికొని, 1992లో సారాయిపాటలను ఆపించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993లో సారాయి నిషేధింపబడెను. నిన్న అక్షరములు నేర్చినవారు ప్రభుత్వమునకే బుద్ధి చెప్పిన సీమలో, పదియేండ్లు చదివిన బిడ్డ నోరు మూయుమనుట తగునా?

కావున మహాసభకు మా మనవులు నాలుగు. ఆ వ్యాసమును ఒక్క వాక్యమైన తీసివేయక ఈ సంచికలో ప్రకటింపుడు. వచ్చు సంవత్సరమునుండి విద్యార్థివేతనము పుచ్చుకొను ప్రతి యింటివారును కట్నము కోరమని సంఘము పుస్తకములో వ్రాసి సంతకము చేయవలయును. చేయనివారికి వేతనము వలదు. ప్రతి వ్యాసమునకు తుదిని, ఎవరిని అడిగి, ఏమి చూచి వ్రాసినది రెండు పంక్తులలో విద్యార్థి తెలుపవలయును. వ్యాసపోటీలో మన కులమువారేగాక, ఈ ప్రాంతమున చదువుకొను అన్ని కులముల బాలబాలికలకును ప్రవేశ మీయవలయును. స్వర్ణముఖి వరద కులము చూచి రాదు గదా.

రెండవ మనవి కొందఱికి కష్టముగా నుండునని యెఱుగుదుము. పెండ్లికి ఎదిగిన కొడుకులుగలవారు ఈ సభలో పెక్కురు కలరు. అందుచేతనే దీనిని రేపటికి వాయిదా వేయక, ఈ సాయంకాలపు తీర్మానములలో చేర్చి, చేతులెత్తించి లెక్కింపుడని ప్రార్థించుచున్నాము. వ్యాసము వ్రాసిన బాలిక సభలో కూర్చుండియే యున్నది.