ఎగుమతి బాధ్యత – గడువు పొడిగింపు



వాయిదా సంగతి మీకు కొత్త కాదు. పంట దెబ్బతిన్న యేడు, అప్పు వాయిదా దాటకముందే సొసైటీకి పోయి చెప్పుకొనువానికి దారి దొరకును. దాటిన పిదప పోవువానికి అపరాధ వడ్డీ మిగులును. ఎగుమతి బాధ్యత కూడ ఇట్టిదే.

శ్రీరాంపూరు వరి పండు ప్రాంతము గాన బియ్యమునే ఉదాహరణగా తీసికొందము. ఎగుమతి బియ్యములో రంగు మారిన గింజలు పరిమితికి మించరాదు. అట్టి గింజలను ఏరివేయు విదేశీ యంత్రమును ఈ.పి.సి.జి. పథకము క్రింద దిగుమతి సుంకము లేకుండ తెప్పించుకొనవచ్చును. అయితే ఇది ఉచితము కాదు. మిగిలిన సుంకమునకు ఆరు రెట్ల విలువగల సరుకును 6 సంవత్సరములలో ఎగుమతి చేయవలెను. అందులో సగము మొదటి 4 సంవత్సరములలోనే పూర్తి కావలెను. సుంకము 5 లక్షలు మిగిలినచో 30 లక్షల ఎగుమతి చూపవలెనన్నమాట. తప్పినచో సుంకమును వడ్డీతో కట్టవలెను. రైతు సంఘము యంత్రము తెచ్చినచో ఆ భారము సంఘముదే.

మన తప్పు లేకుండను ఆటంకము రావచ్చును. 2023 జులై 20న కేంద్ర ప్రభుత్వము బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించి, 2024 సెప్టెంబరు 28న ఆ నిషేధమును ఎత్తివేసినది. పదునాలుగు నెలలు గడచిపోయినవి. నిషేధమునకు ముందే అనుమతి పొందినవారికి, అది సాగినంత కాలము గడువు రుసుము లేకుండ పెరుగునని నిబంధన కలదు. ఈ సంగతి తెలియక దిగులుపడరాదు.

పంట తగ్గుట, కొనుగోలుదారు వెనుదీయుట వంటి ఇతర కారణములకు మాత్రము దరఖాస్తు చేయవలెను. విదేశీ వాణిజ్య డైరెక్టరేటు జనరల్ వారు రుసుము తీసికొని, మొత్తము 2 సంవత్సరముల వరకు పొడిగింపును పరిశీలింతురు. వారి ప్రాంతీయ కార్యాలయము హైదరాబాదులో కలదు.

కనుక మూడు జాగ్రత్తలు పాటించుడు:

1. ఎంత ఎగుమతి అయినది, ఎంత మిగిలినది, ఏటేట సర్వసభ్య సమావేశములో చదివి వినిపించవలెను.

2. షిప్పింగు బిల్లులు, సొమ్ము ముట్టినట్లు బ్యాంకు ఇచ్చిన పత్రములు, కొనుగోలుదారు ఉత్తరములు ఒక్కచోట భద్రపరచవలెను.

3. గడువు తీరకముందే, కారణమును ఉన్నదున్నట్లు వ్రాసి దరఖాస్తు పెట్టవలెను.

మన బియ్యమునకు గిరాకి లేకపోలేదు. 2025 మార్చి 31న తెలంగాణ ప్రభుత్వము కాకినాడ రేవునుండి ఫిలిప్పీన్సుకు 12,500 టన్నుల బియ్యమును పంపినది. అది మీరెరిగిన ఎం.టి.యు. 1010 రకమే. పండించుటలో అదను ఎట్లు చూతుమో, కాగితములలోను అట్లే అదను చూడవలెను.