కొండను చదవడం నేర్పిన గురువు: ఆచార్య సి. మహాదేవన్



ఈ సభలో ఒక భూగర్భశాస్త్రవేత్త సేవను స్మరించవలసినదిగా నన్ను కోరారు. నేను ఆచార్య సి. మహాదేవన్ గారిని ఎన్నుకున్నాను. ఆయన విశాఖపట్నంలో పనిచేసినవారు గదా, కొరాపుట్, రాయగడలకు ఆయనతో ఏమి సంబంధమని మీలో కొందరికి తోచవచ్చును. ఆ సంబంధం మన కాళ్ళ క్రిందనే ఉన్నది.

మన కొండలలో విస్తారంగా కనిపించే, వానకు ఎండకు ఎర్రబారే శిలకు ఖొండలైట్ అని పేరు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన టి. ఎల్. వాకర్ పొరుగున ఉన్న కలహండి సంస్థానపు శిలలను పరిశీలించి, 1902లో ఇక్కడి కోంధు ప్రజల పేరు మీదుగా దానికి ఆ పేరు ఉంచారు. కోణార్క దేవాలయ నిర్మాణంలో అధికభాగం ఈ రాయే. నేడు శ్రీలంకలోను, చైనాలోను ఇటువంటి శిలలు కనబడితే అక్కడి శాస్త్రజ్ఞులు కూడా ఈ పేరే వాడుతున్నారు. మన అడవిబిడ్డల పేరు ప్రపంచ విజ్ఞానంలో ఆ విధంగా నిలిచిపోయింది.

అయితే రాతికి పేరు పెట్టడం ఒక పని. ఆ రాతిని చదవగల మనుషులను ఇక్కడనే తయారుచేయడం మరొక పని. ఆ రెండవ పనికి జీవితాన్ని అంకితం చేసినవారు మహాదేవన్ గారు. 1901లో జన్మించిన ఆయన కలకత్తాలో సర్ సి. వి. రామన్ వద్ద పరిశోధన చేశారు. పిమ్మట హైదరాబాదు సంస్థానపు భూగర్భ సర్వే శాఖలో పనిచేశారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1941లో భూగర్భశాస్త్ర శాఖ ఏర్పడింది. ఆ శాఖకు ఆచార్యులై, 1962లో కన్నుమూసే నాటికి దానిని దేశంలో పేరెన్నికగన్న విద్యాకేంద్రంగా తీర్చిదిద్దారు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు మన ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోని భాగమే. పటం మీద సరిహద్దు గీసినా, తూర్పు కనుమల శిలలు మాత్రం ఇటూ అటూ ఒక్కటే. కనుక ఆ శాఖ విద్యార్థులు చేతబట్టిన సుత్తి ఖొండలైట్‌ మీద, చార్నొకైట్‌ మీద పడినప్పుడల్లా అది మన కొండల చరిత్రను కూడా విప్పినట్లే.

మహాదేవన్ గారు కొండల వద్దనే ఆగలేదు. విశాఖ తీరపు ఇసుకలో థోరియం గల మోనజైట్ ఖనిజాన్ని గురించి 1948లో తమ సహచరునితో కలిసి పరిశోధన వెలువరించారు. అటువంటి బరువైన ఖనిజాలు కొండరాళ్ళు చితికి, నీటి వెంట తీరానికి చేరినవి. రాయగడ మీదుగా ప్రవహించే నాగావళి ఏటేటా మోసుకుపోయే ఇసుక గమ్యం కూడా ఆ బంగాళాఖాతమే. ఆ సముద్రపు అడుగును తెలుసుకొనుటకై 1950ల దశకంలో అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్‌ను ఆయన విశాఖకు తోడుచేసుకున్నారు. పెద్ద పరిశోధన నౌకలు లేని ఆ రోజులలో నౌకాదళపు ఓడలపై విద్యార్థులను పంపి సముద్రశాస్త్ర పరిశోధనకు పునాది వేశారు. తూర్పు తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అనే పేర్లతో లాఫాండ్ 1964లో వ్యాసం ప్రచురించారు. నీటిలో మునిగిన ఒక లోయకు గురువు పేరు దక్కడం అరుదైన గౌరవం.

అంతకంటె గొప్ప గౌరవం శిష్యులది. ఆయన వద్ద పరిశోధన చేసిన ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ గారు సాగర్ విశ్వవిద్యాలయంలోను, తరువాత ఆఫ్రికాలోని టాంజానియా, మొజాంబిక్ దేశాలలోను బోధించారు. నేలను, నీటిని ప్రజల బ్రతుకుతో ముడిపెట్టి గ్రంథాలు వ్రాశారు. హైదరాబాదులో జలవనరుల నిర్వహణకై నెలకొన్న కేంద్రానికి తాను గౌరవ సంచాలకులుగా ఉంటూ, దానికి గురువుగారి పేరు పెట్టుకున్నారు.

నీటి మాట వచ్చినది గనుక మన ఊరి సంగతి చెప్పుకుందాము. లక్షల సంవత్సరాల వానలకు ఖొండలైట్‌లోని సిలికా కరిగిపోయి, అల్యూమినియం మిగిలి, కొండల నెత్తిన బాక్సైట్ ఏర్పడింది. పంచపట్మాలి కొండ మీది ఆ ఖనిజమే ఆధారంగా 1981లో నాల్కో సంస్థ స్థాపించబడి, దమన్‌జోడిలో కర్మాగారం వెలసింది; ఎందరికో ఉపాధి కలిగింది. కాని ఆ టోపీ వంటి పొరయే వాననీటిని పీల్చి, క్రింది బంకమన్ను వద్ద ఆపి, కొండ పక్కల ఊటలుగా వదలుతుంది. ఆ ఊటలే గెడ్డలై, ఝోలా పొలాలను తడుపుతాయి. ఒకే రాయి గనికి సంపద, గెడ్డకు తల్లి. ఎంత త్రవ్వవలెను, ఎక్కడ ఆగవలెను అన్న ప్రశ్నకు కంపెనీ లెక్క ఒక్కటే చాలదు, ఆవేశం ఒక్కటే చాలదు. రాతిని, నీటిని రెంటినీ చదివినవారు, చదివినదానిని ఊరివారికి అర్థమయ్యే భాషలో చెప్పగలవారు కావాలి. అటువంటివారు మనలోనుంచి రావాలి.

కావున ఈ స్మరణ దండతో ముగియరాదని నా మనవి. ప్రతి వార్డులోను బావులను, ఊటలను లెక్కించి ఒక పుస్తకంలో నమోదు చేయించవలసినదిగా పురపాలక సంఘాన్ని ప్రార్థిస్తున్నాను. వానకాలానికి ముందొకసారి, తరువాత మరొకసారి బావులలో నీటిమట్టాన్ని విద్యార్థులు కొలవాలి. దానికి కావలసినది ఒక త్రాడు, ఒక బరువు, ఒక కొలబద్ద మాత్రమే. ఒడియాలో వ్రాసినా, తెలుగులో వ్రాసినా, కువిలో చెప్పి వ్రాయించినా ఆ అంకె ఒక్కటే. పదేళ్ళు ఓపికగా వ్రాస్తే, మన నీరు పెరుగుతున్నదో తరుగుతున్నదో ఎవరినీ అడగనవసరం లేదు.

ఆ పుస్తకం నింపే పిల్లలలో ఒక్కరైనా రేపు సుత్తి పట్టి కొండ ఎక్కితే, ఆచార్యుల ఋణంలో కొంత తీర్చినవారమవుతాము.