డబ్బాలో పుట్టిన సంప్రదాయం



ఎవరి పేరిట ఈ సభ జరుగుతున్నదో ఆ మాస్టారు చరిత్ర పాఠంలో రాజుల కన్నా వంటింటి గురించే ఎక్కువ చెప్పేవారు. యుద్ధం ఎవరు గెలిచారన్నది తర్వాత, ఆ ఏడు జనం ఏం తిన్నారో ముందు చెప్పండి అని శిష్యుల్ని నిలదీసేవారు. ఆయన స్మారకోపన్యాసానికి ఇటలీ టమాటా సాస్‌ను ఎంచుకున్నానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. మాస్టారైతే కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చునేవారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇటలీ సాస్ అనగానే అప్పుడే కోసిన పండు, అమ్మమ్మ చేతి రుచి, రేకు డబ్బా గడప తొక్కని వంటిల్లు మన కళ్ల ముందు మెదులుతాయి. చరిత్ర తిరగేస్తే ఈ బొమ్మ నిలవదు. ఇవాళ సంప్రదాయమని చెప్పుకుంటున్న ఆ వంటలో చాలా భాగం డబ్బా వచ్చాకే, డబ్బా వల్లే రూపు దిద్దుకుంది.

1548 అక్టోబరు 31న పీసా నగరంలో ఆ ప్రాంతపు పాలకుడు కోసిమో ది మెదిచి ఇంటికి ఒక బుట్టెడు టమాటాలు వచ్చాయి. బుట్ట క్షేమంగా చేరిందని ఆ ఇంటి ఉద్యోగి ఉత్తరం రాశాడు. అందరూ వాటిని వింతగా చూశారట గానీ, తిన్నట్టు మాత్రం రాయలేదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కాయను ఆ తర్వాత కూడా చాలాకాలం వంటవాళ్ల కన్నా మొక్కల పండితులే ఎక్కువ పట్టించుకున్నారు.

అచ్చయిన వంటకం కోసం 1692 దాకా ఆగాలి. నేపుల్స్ అప్పుడు స్పెయిన్ ఏలుబడిలో ఉంది. అక్కడి పెద్ద ఇంట్లో వంటశాల వ్యవహారాలు చూసే ఆంతోనియో లతీని తన పుస్తకంలో ‘స్పెయిన్ పద్ధతి’ టమాటా సాస్ ఒకటి రాశాడు. పండిన టమాటాలను నిప్పుల మీద కాల్చి, తొక్క ఒలిచి, కత్తితో సన్నగా తరగాలి. ఉల్లిపాయ, మిరప, థైమ్ ఆకు చేర్చి ఉప్పు, నూనె, వెనిగర్‌తో కలపాలి. ఇది వింటుంటే మీలో కొందరికి ఈపాటికే రోలు గుర్తొచ్చి ఉంటుంది. అవును, మన కాల్చిన టమాటా పచ్చడికి ఇది దగ్గరి చుట్టమే. ఉడికించిన మాంసం పక్కన వడ్డించమన్నాడు గానీ, పాస్తా ఊసే లేదు. నేపుల్స్ వీధుల్లో జనం పాస్తా మీద జున్ను తురుము చల్లుకుని చేత్తో తినేవారు. వెర్మిచెల్లి అనే సన్నని పాస్తా, టమాటా ఒక్క పళ్లెంలో కలిసిన నేపుల్స్ వంటకం ఇప్పోలితో కవల్కాంతి పుస్తకం 1839 కూర్పులో కనిపిస్తుంది. లతీనికీ ఈయనకూ నడుమ దాదాపు 150 ఏళ్లు.

ఇక్కడ చిక్కంతా కాలంతోనే. టమాటా వేసవి పంట. ఆగస్టులో కుప్పలుతెప్పలు, జనవరిలో కాయ లేదు. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి, రైతులు పంటను రోడ్డు మీద పారబోయడం చూసిన మనకు ఆ కుప్పల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సిసిలీ ఆడవాళ్లు గుజ్జును పలకల మీద పరిచి, ఉప్పు వేసి, ఎండలో మాటిమాటికీ కలుపుతూ ముదురు రంగు ముద్దగా ఎండబెట్టేవారు. ఇప్పటికీ కొందరు చేస్తారు. అది ఘాటైన సరుకు. రుచికి చెంచాడు వేస్తే చాలు, దాన్నే గిన్నెడు సాస్‌గా మాత్రం చేసుకోలేం.

దారి ఫ్రాన్స్‌లో దొరికింది. సీసాలో ఆహారం పెట్టి, బిరడా బిగించి, నీళ్లలో మరిగిస్తే పాడవదని నికొలా అపేర్ 1810లో పుస్తకమే రాశాడు. ఎందుకు పాడవదో ఆయనకు తెలియదు. ఆ సంగతి చెప్పడానికి పాశ్చర్ ఇంకా పుట్టనే లేదు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో పీటర్ డ్యూరాండ్ రేకు డబ్బాకు పేటెంట్ తీసుకున్నాడు. ఈ పద్ధతికి టమాటా పుట్టుకతోనే అనువైనది. దాని పులుపు వల్ల ప్రాణాంతకమైన బొట్యులిజం సూక్ష్మజీవి అందులో పెరగజాలదు. మరిగే నీటి వేడి చాలు. అందుకే దక్షిణ ఇటలీలో ఇల్లిల్లూ ఆగస్టులో ఈ పని పెట్టుకోగలిగింది. గుజ్జును ఖాళీ బీరు సీసాల్లో పోసి, తలా ఒక తులసి జాతి ఆకు వేసి, ఒకదానికొకటి తగిలి పగలకుండా మధ్యలో పాత గుడ్డలు కూరి, ఇనప డ్రమ్ములో ఉడికిస్తారు. కుటుంబమంతా ఉండాల్సిందే, లేకపోతే తర్వాత మాటపడాలి.

ఇళ్ల నుంచి ఫ్యాక్టరీలకు వస్తే, ఫ్రాంచెస్కో చీరియో 1856లో తూరిన్‌లో డబ్బాల వ్యాపారం మొదలుపెట్టింది బఠాణీలతో. ఇటలీ ఏకమయ్యాక ఆయన వ్యాపారం దక్షిణాదికి పాకింది. వెసూవియస్ కొండకు ఆవల, సార్నో నది లోయలో పండే పొడవాటి సాన్ మర్జానో టమాటా ఫ్యాక్టరీలకు కలిసొచ్చింది. గింజ తక్కువ, కండ ఎక్కువ, తొక్క ఇట్టే ఊడివస్తుంది. గమనించండి: ఆ లోయ పేరు మీద 1996లో ఐరోపా సమాఖ్య ఇచ్చిన భౌగోళిక గుర్తింపు రక్షణ తొక్క తీసి డబ్బాకెక్కించిన టమాటాకే. చెట్టు మీది పండుకు కాదు. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదనుకుంటాను.

డబ్బాతో పాటు సాస్ కూడా ఓడెక్కింది. అమెరికా వెళ్లిన ఇటలీ వలసజీవులు ఆ డబ్బాలు తెప్పించుకునేవారు. 1930లో అక్కడ దిగుమతి సుంకాలు పెరిగాయి. ఆ తర్వాత టిల్లీ లూయిస్ అనే న్యూయార్కు మహిళ, నేపుల్స్ డబ్బాల వ్యాపారి ఫ్లోరిండో డెల్ గైజో అండతో కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో ఆ పొడవాటి రకం టమాటాకు ఫ్యాక్టరీ పెట్టింది. ఇద్దరి పేర్లూ కలిపి ఆ సంస్థకు ‘ఫ్లోటిల్’ అని పేరు. అట్లాంటిక్‌కు ఆవలి అమ్మమ్మల సాస్ ఈ డబ్బాల మీదే సాగింది.

ఈ కథలో ఉన్నది తీపి ఒక్కటే కాదు. 2018 ఆగస్టులో, దక్షిణ ఇటలీలోని ఫోజ్జా ప్రాంతంలో రెండు రోజుల తేడాతో జరిగిన రెండు రోడ్డు ప్రమాదాల్లో 16 మంది వలస కూలీలు చనిపోయారు. పొలాల్లో పని ముగించుకుని వ్యాన్లలో కిక్కిరిసి తిరిగొస్తున్న ఆఫ్రికా యువకులు వాళ్లు. రెండుసార్లూ వ్యాన్లు ఢీకొన్నది టమాటా లారీలనే. దళారుల చేతుల్లో నలిగే ఈ కూలీల గురించి ఇటలీలో చట్టం ఉంది. చౌక డబ్బా ఎందుకంత చౌకో అడగాల్సిన పని కూడా ఉంది.

ఇక వంట. సభ ముగిశాక ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతాను. ముక్కలు చేసిన డబ్బా కన్నా తొక్క తీసిన కాయలున్న డబ్బా మేలు. ముక్కలు చెదిరిపోకుండా వాటిలో తరచూ కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. ఎంతసేపు ఉడికించినా అవి కరగవు, మనకేమో కరగాలి. సిట్రిక్ యాసిడ్ ఉంటే కంగారు పడకండి, అది పులుపు సరిచేయడానికే. కాయల్ని గిన్నెలో వేసి చేత్తో చిదమండి. చొక్కా జాగ్రత్త, రసం చిమ్ముతుంది. తొడిమ దగ్గరి గట్టి భాగం తగిలితే తీసేయండి.

ఇటలీ వంటల రచయిత్రి మర్చెల్లా హజాన్ 1992లో అచ్చేసిన పుస్తకంలోని సాస్ అయితే, రెండు కప్పుల డబ్బా టమాటాకు 5 టేబుల్ స్పూన్ల వెన్న, సగానికి కోసిన ఒక ఉల్లిపాయ, ఉప్పు. అంతే. మూత పెట్టకుండా, సన్నని మంట మీద 45 నిమిషాలు. వెల్లుల్లి లేదు, ఆకు లేదు. ఇటలీ వంటంటే వెల్లుల్లేనని వాదించే మిత్రులు ఈ ఒక్కసారికి చెయ్యి ఆపుకోవాలి. పైన బుడగ పెద్దగా పగిలితే మంట ఎక్కువైనట్టు. వెన్న టమాటా నుంచి విడివడి అంచుల్లో తేలినప్పుడు దించండి. ఉల్లిపాయను తీసేయమంటుంది ఆవిడ. నేనైతే రొట్టె ముక్క మీద పెట్టుకుని, పాస్తా ఉడికేలోపు వంటింట్లోనే నిలబడి తినేస్తాను.