మోటారు సైకిలు అదనపు దీపాలు: హాలోజన్ నుంచి ఎల్‌ఈడీకి



కోతల రోజుల్లో మన పల్లె రోడ్లు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచు వెంట వరసగా రాళ్ళు. ముందు వెనుక దీపం లేని ట్రాక్టరు ఒకటి పోతూ ఉంటుంది. రాత్రి ఎనిమిది గంటలకు మోటారు సైకిలు మీద వచ్చే మనిషికి ఈ రాళ్ళు, ఆ ట్రాక్టరు ఎంత దూరం నుంచి కనిపిస్తాయన్నది ప్రాణం మీది లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం కంటపడి, చెయ్యి బ్రేకు మీదికి పోయేసరికి ఒకటిన్నర సెకను గడుస్తుంది, అంటే 25 మీటర్లు. ఆ తర్వాత పొడి తారురోడ్డు మీద బండి ఆగడానికి మరో 28 మీటర్లు. మొత్తం 53. వేగం 80కి పెంచితే ఇదే లెక్క 83 మీటర్లకు వెళుతుంది. డిమ్‌లో పెట్టిన మామూలు హెడ్‌లైటు స్పష్టంగా చూపేది నలభై, యాభై మీటర్లు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని, వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారేనని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందరూ చీకటివల్ల పోయినవారు కాదు. కానీ చీకటి వాటా చిన్నది కాదు.

అందుకే చాలామంది లెగ్ గార్డుకు రెండు అదనపు దీపాలు బిగించుకుంటారు. దుకాణంలో వీటన్నిటినీ ఫాగ్ లైట్లు అనే అంటారు. పాతవాటిలో హాలోజన్ బల్బు ఉంటుంది. అది తీసేసి ఎల్‌ఈడీ పెట్టుకుంటే వెలుగు పెరుగుతుందని, బ్యాటరీ మిగులుతుందని అందరి నమ్మకం. ఈ నమ్మకంలో నిజమెంతో ఈనాటి పాఠంలో చూద్దాం.

ఈ బల్ల మీద రెండు బల్బులున్నాయి. మొదటిది హెచ్-3 రకం హాలోజన్, 12 వోల్టులు, 55 వాట్లు. దీని గాజుగొట్టం లోపల అగ్గిపుల్ల తలకాయంత కూడా లేని టంగ్‌స్టన్ తీగచుట్ట ఉంది. కరెంటు పారితే అది కాగి తెల్లగా వెలుగుతుంది. 55 వాట్లు తిని ఇది ఇచ్చేది సుమారు 1450 ల్యూమెన్ల వెలుతురు. తక్కినదంతా వేడి. రెండోది ఎల్‌ఈడీ. ఇందులో కాలే తీగ లేదు. అర్ధవాహకపు చిన్న ముక్కలో నుంచి కరెంటు పోయినప్పుడు నేరుగా కాంతి పుడుతుంది. మంచి రకం ఎల్‌ఈడీ ఒక్కో వాటుకు వంద ల్యూమెన్ల దాకా ఇస్తుంది. అంటే ఆ 1450 ల్యూమెన్లకు పదిహేను వాట్లు సరిపోతాయి. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ చేసి చూపింది ఎర్రటి ఎల్‌ఈడీ. తెల్లటి వెలుగు రావాలంటే ముందు నీలం కావాలి. ఆ నీలాన్ని సాధించినందుకే జపాన్‌లో పుట్టిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన దీపంలో జరిగేదీ అదే: నీలి ముక్క మీద పసుపుపచ్చ ఫాస్ఫరు పూత, రెండూ కలిసి తెలుపు.

ఇప్పుడు కరెంటు లెక్క. రెండు హాలోజన్లు 110 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే 9 ఆంపియర్లు దాటుతుంది. మన చిన్న బండ్లలో మాగ్నెట్ కాయిల్ తయారుచేసే కరెంటులో హెడ్‌లైటు, ఇగ్నిషన్, బ్యాటరీ చార్జింగు పోను ఇంత మిగలదు. ఇంజను ఆపి ఈ దీపాలు వెలిగిస్తే 5 ఆంపియర్-గంటల బ్యాటరీ అరగంట కూడా ఓర్చుకోదు. అదే 10 వాట్ల ఎల్‌ఈడీలు రెండైతే 1.7 ఆంపియర్లు. ఎల్‌ఈడీకి ఉన్న అసలైన గొప్పతనం ఇదే. చిన్న బండికి దీనిని మించిన కారణం అక్కర్లేదు.

అయితే ఒక మాట. నా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటికి హాలోజన్ వెలుగు చాలకపోవడానికి కారణం బల్బు కాదు, తీగ. సన్నటి తీగ, తుప్పు పట్టిన జాయింటు, హెడ్‌లైటు స్విచ్చి నుంచే లాగిన కనెక్షను. తీగచుట్ట బల్బుకు వోల్టేజి మీద పట్టింపు చాలా ఎక్కువ. 13.2 వోల్టులు అందవలసిన చోట 11 మాత్రమే అందితే, అంటే ఆరో వంతు తగ్గితే, వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి ముందు బల్బు హోల్డరు దగ్గర మీటరు పెట్టి చూడండి. పెద్ద బండి అయితే, కాయిల్‌కు మోయగల శక్తి ఉంటే, బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి తీగ, మధ్యలో రిలే, ఫ్యూజు వేస్తే పాత హాలోజనే కొత్తదానిలా వెలుగుతుంది. వెయ్యి రూపాయలు పెట్టి ఎల్‌ఈడీ కొనమని చెప్పే దుకాణదారు ఈ సంగతి చెప్పడు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. దీపం అంటే బల్బు ఒక్కటే కాదు. వెనుక అద్దంలాంటి రిఫ్లెక్టరు, ముందు గాజు కలిస్తేనే దీపం. ఆ రిఫ్లెక్టరు వంపు ప్రతి మిల్లీమీటరూ తీగచుట్ట ఉండే చోటును బట్టి లెక్కవేసింది. తీగచుట్ట సన్నగా ఉండి, చుట్టూ అన్ని వైపులా కాంతి వెదజల్లుతుంది. దాని స్థానంలో ఎల్‌ఈడీ బల్బు పెట్టామనుకోండి. ఇందులో ఒక పలక, దానికి అటొకటి ఇటొకటి కాంతి ముక్కలు. పలక మందం ఉన్నందున కాంతి పుట్టే చోటు పక్కకు జరిగింది, పెద్దదీ అయింది. రెండు వైపులకే కాంతి పోతుంది, తక్కిన వైపులు చీకటి. రిఫ్లెక్టరుకు ఇదేమీ తెలియదు కదా, అది తన వంపు ప్రకారమే తిప్పి కొడుతుంది. ఫలితం: బండి ముందు పది అడుగుల మేర తెల్లగా మెరుస్తుంది, దూరాన ఉండవలసిన వెలుగు చెదిరి పైకి లేచి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. దగ్గర నేల మెరుస్తుంటే నడిపేవాడు వెలుగు పెరిగిందని సంబరపడతాడు. నిజానికి దగ్గరి మెరుపుకు కంటిపాప ముడుచుకుని దూరపు రాయి మునుపటికన్నా కనిపించదు.

మరి ఏం చేయాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బల్బు ఒక్కటే మార్చకండి, దీపం మొత్తం మార్చండి. ఎల్‌ఈడీ కోసమే లెన్సు రూపొందించి, వెనుక అల్యూమినియం రెక్కలు పోసి తయారుచేసిన దీపాలు దొరుకుతున్నాయి. జర్మనీలో కూడా 2020 దాకా హాలోజన్ దీపంలో ఎల్‌ఈడీ బల్బు పెట్టడానికి అనుమతి లేదు. ఆ తర్వాత ఇచ్చింది కూడా పరీక్షించిన కొన్ని బల్బులకు, పేర్కొన్న బండ్లకు మాత్రమే.

రెక్కలు ఎందుకు? హాలోజన్ తన వేడిని కాంతితోపాటు ముందుకు పంపేస్తుంది. ఎల్‌ఈడీ వేడి వెనక్కి, ముక్క అడుగుకు దిగుతుంది. దాన్ని బయటికి లాగకపోతే వెలుగూ తగ్గుతుంది, ఆయుష్షూ తగ్గుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో గాలే 45 డిగ్రీలుంటే, రబ్బరు మూత బిగించిన పాత దీపం లోపల బుల్లి ఫ్యాను తిరిగి తిరిగి అదే వేడిగాలిని చిలుకుతుంది. ఇంకో చిన్న తేడా కూడా ఉంది. హాలోజన్ వేడికి గాజు లోపలి చెమ్మ ఆరిపోయేది, ఎల్‌ఈడీకి ఆరదు. అందుకే ఐపీ 67 గుర్తు ఉన్న దీపం చూసుకోండి. అంటే దుమ్ము చొరదు, మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా నీరు దిగదు. అయినా వాటర్ సర్వీసింగు వాళ్ళ పైపు దెబ్బ వేరు, దీపానికి ఎదురుగా పట్టనివ్వకండి.

పెట్టె మీద 20,000 ల్యూమెన్లు అని రాసి ఉంటుంది. నమ్మకండి. మీటరు పెట్టి ఆంపియర్లు కొలిచి, 12తో గుణించి, వందతో గుణించండి. 20 వాట్లు తాగే దీపం 2,000 ల్యూమెన్లకు మించి ఇస్తుందనుకోవడం అత్యాశ.

రంగు గురించి కూడా ఒక అపోహ ఉంది. పసుపు కాంతి పొగమంచును చీల్చుకు పోతుందంటారు. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున వెళ్ళినవారికి తెలుసు, ఏ రంగూ చీల్చుకు పోదు. మంచు బిందువులు కాంతి తరంగాల కన్నా ఎన్నో రెట్లు పెద్దవి, అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. మంచులో పనికివచ్చేది దీపం కిందుగా ఉండటం, పైఅంచు తెగ్గోసినట్టు ఉండటం. పసుపు మేలు వేరే ఉంది: నీలం ఎక్కువగా ఉన్న తెలుపు కన్నా అది కంటిని తక్కువ ఇబ్బంది పెడుతుంది. ఎదుటివాడికీ అంతే.

వైరింగు త్వరగా చెప్పుకుందాం. రిలే మీద నాలుగు అంకెలుంటాయి. 30కి బ్యాటరీ ప్లస్, మధ్యలో ఫ్యూజు, ఆ ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా. 87 నుంచి దీపాలకు. 85, 86లలో ఒకటి ఎర్తుకు, ఇంకొకటి స్విచ్చి మీదుగా తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగకు. హాలోజన్లకు వేసిన 15 ఆంపియర్ల ఫ్యూజు తీసి, 20 వాట్ల ఎల్‌ఈడీలకు 5 ఆంపియర్లది వేయండి. ఇది చాలామంది మరిచిపోతారు. పాత బండ్లలో హెడ్‌లైటుకు కాయిల్ నుంచి నేరుగా ఏసీ కరెంటు వస్తుంది, దానికి ఎల్‌ఈడీ కలిపితే మినుకుమినుకుమంటుంది.

చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చరాదంటుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండవచ్చు. కాబట్టి బిగించే ముందు మీ రవాణా కార్యాలయంలో కనుక్కోండి. 1989 నియమాల్లోని 106వ నియమం మరీ ముఖ్యం: ముందు దీపం కాంతి ఎప్పుడూ కిందికి వంగి ఉండాలి. 8 మీటర్ల దూరాన, ఒకటిన్నర మీటరు ఎత్తున కన్ను ఉన్న మనిషికి మిరుమిట్లు గొలపకూడదు. పోలీసు ఉన్నా లేకపోయినా ఇది పాటించవలసిందే. ఎదురుగా వచ్చేవాడు రెండు సెకన్లు చూపు కోల్పోతే, 60 వేగంలో 33 మీటర్లు గుడ్డిగా మన వైపే వస్తాడు.

కోణం సరిచేయడం గోడ దగ్గర చేయాలి. టైర్లలో గాలి సరిగా నింపి, చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండిని నిలబెట్టి, మనిషిని కూర్చోబెట్టండి. దీపం మధ్యభాగం నేలనుంచి ఎంత ఎత్తుందో గోడ మీద సుద్దతో గీయండి. వెలుగు ముద్ద పైఅంచు ఆ గీతకు 20 సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న దీపం కాంతి అప్పుడు 30 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. అంతకుమించిన దూరం హెడ్‌లైటు పని.

వెనుక మనిషి ఎక్కితే ఈ లెక్క మారుతుంది. రెండు చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లనుకుందాం. వెనుక షాక్ అబ్సార్బరు 3 సెంటీమీటర్లు దిగిందంటే వంపు నూటికి రెండు పాళ్ళ పైన మారినట్టు. గోడ దగ్గర మనం కిందికి దించినదంతా పోయి, కాంతి నేలకు సమాంతరాన్ని దాటి కొంచెం పైకే పోతుంది. రోజూ భార్యాపిల్లలతో, లేదా వెనుక పాలక్యానులతో వెళ్ళేవారు ఆ బరువు ఎక్కించే కోణం సరిచేయించుకోవాలి. ఎప్పుడో ఒకసారి ఎక్కించుకునేవారు ఆ పూటకు అదనపు దీపాలు ఆపేస్తే సరి, అందుకే వాటికి విడిగా స్విచ్చి పెట్టమన్నది. బిగించిన వారం తర్వాత నట్లు మరోసారి చూసి, గోడ దగ్గర గీతను మళ్ళీ సరిపోల్చండి. గతుకులకు బ్రాకెట్టు వంగేది ఎక్కువగా ఆ మొదటి వారంలోనే.